తప్పు రైలుదా, పట్టాలదా?

కోయంబత్తూరుకు ఉత్తరంగా, నీలగిరి కొండల పాదం వద్ద మేట్టుపాళయం ఉన్నది. ఉదకమండలానికి పోయే కొండరైలు అక్కడినుండే బయలుదేరుతుంది. ఆ రైలు చిన్నది, నడక నెమ్మది. సొరంగాలలో దూరి, వంతెనలు దాటి, వంపులు తిరుగుతూ అది కొండ ఎక్కుతుంటే చూచినవారు ఆనందపడతారు. అటువంటి రైలును ఇంటికి తెచ్చుకొని బల్లమీద నడపాలని కోరుకోని పిల్లలు ఉండరు. ఆ కోరికను తీర్చేవే నమూనా రైళ్లు.

నమూనా రైలును నడపడం వేడుక. అది నడవనప్పుడు ఎందుకు నడవలేదో కనుగొనడం విద్య. ఈ పాఠం ఆ విద్యను గురించినది.

నమూనా రైలు అంటే ఏమిటి?

బొమ్మరైలు వేరు, నమూనా రైలు వేరు. బొమ్మరైలుకు కొలతలతో పని లేదు. నమూనా రైలులో ప్రతి భాగమూ అసలు రైలు కొలతలను ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసినది. ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్న నమూనా రైలు అసలు రైలులో 87వ వంతు ఉంటుంది. దాని రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మహారాష్ట్రలోని పూణే నగరంలో ఇటువంటి నమూనా రైళ్లకే ప్రత్యేకంగా ఒక ప్రదర్శనశాల ఉన్నది. జోషి కుటుంబంవారు దానిని 1998లో ప్రజలకోసం తెరిచారు.

నమూనా రైలు సాధారణంగా 12 వోల్టుల విద్యుత్తుతో నడుస్తుంది. ఆ విద్యుత్తు పట్టాలద్వారానే వస్తుంది. ఒక పట్టా నుండి విద్యుత్తు చక్రాలగుండా ఇంజనులోని మోటారుకు చేరి, రెండవవైపు చక్రాలగుండా రెండవ పట్టాకు తిరిగిపోతుంది. కనుక ఇక్కడ పట్టాలు రెండు పనులు చేస్తాయి. అవి రైలుకు దారి; విద్యుత్తుకూ దారి. ఈ రెండు దారులలో ఏది చెడినా రైలు ఆగుతుంది.

మొదట అడగవలసిన ప్రశ్న

ఒక పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శన జరుగబోతున్నదనుకోండి. విద్యార్థులు పెద్ద బల్లపై పట్టాలు పరచి రైలును నడిపించారు. రెండు చుట్లు బాగా తిరిగింది. మూడవ చుట్టులో వంపు దగ్గర ఒక పెట్టె పట్టాలు తప్పి పడిపోయింది. మళ్లీ ఎక్కించారు, మళ్లీ పడింది. ఒకరు ఇంజను మంచిది కాదన్నారు. ఒకరు వేగం పెంచి చూడమన్నారు. మరొకరు పెట్టెను చేతితో నొక్కి పట్టుకున్నారు. అందరూ చూచింది రైలునే. పట్టాలవైపు ఎవరూ చూడలేదు.

పడింది రైలు కనుక తప్పు రైలుదే అనుకోవడం సహజం. కాని లోపం బయటపడే చోటు ఒకటి, లోపం ఉన్న చోటు మరొకటి కావచ్చును. ఈ రెండింటినీ వేరు చేయడానికి తెలిసినవారు ఒక సులభమైన సూత్రాన్ని పాటిస్తారు.

వేరువేరు పెట్టెలు ఒకే చోట పట్టాలు తప్పితే లోపం ఆ చోట ఉన్నది. అంటే పట్టాలలో ఉన్నది. ఒకే పెట్టె వేరువేరు చోట్ల పట్టాలు తప్పితే లోపం ఆ పెట్టెలో ఉన్నది.

ఈ సూత్రాన్ని ఉపయోగించడానికి ఒక పెన్సిలు, ఒక నోటుపుస్తకం చాలు. పెట్టెలకు అంకెలు వేయాలి. పట్టాల ప్రక్కన బల్లపై కూడ అంకెలు వేయాలి. ఏ పెట్టె ఎక్కడ పడినదో పడినప్పుడల్లా వ్రాయాలి. పది చుట్లు తిరిగేసరికి ఆ పుటే సమాధానం చెబుతుంది. వ్రాయకుండా జ్ఞాపకాన్ని నమ్ముకున్నవారు తమకు ముందే అనుమానం ఉన్న పెట్టెనే మాటిమాటికీ నిందిస్తారు.

కదలని రైలు

రైలు కదలకపోతే ఇంజనును విప్పడానికి తొందరపడకూడదు. విద్యుత్తు వచ్చే దారిని మొదటినుండి చివరిదాకా వరుసగా పరీక్షించాలి. గోడలోని స్విచ్చి వేసి ఉన్నదా? విద్యుత్తు పెట్టెనుండి తీగలు ఊడిపోయాయా? తీగ పట్టాను గట్టిగా తాకుతున్నదా? ఆ తరువాతనే పట్టాలు, ఆ తరువాత చక్రాలు, చివరకు మోటారు. ఇంటికి వచ్చే 230 వోల్టుల విద్యుత్తు ప్రాణాంతకమైనది. ఆ వైపు ఏ లోపం ఉన్నా పిల్లలు ముట్టకూడదు. ఉపాధ్యాయునికో పెద్దలకో చెప్పాలి.

రైలు ఆగి ఆగి, కుదుపుతూ నడిస్తే మురికిని అనుమానించాలి. గాలిలోని దుమ్ము, ఇరుసులనుండి కారిన నూనె, లోహంపై ఏర్పడే పలుచని పొర, ఇవన్నీ కలిసి పట్టాపై కంటికి కనిపించని తెరవలె నిలుస్తాయి. చక్రాల క్రింద చిన్న నిప్పురవ్వలు మెరిస్తే అది ఈ మురికికి గుర్తు. విద్యుత్తు ఆపి, శుభ్రమైన నూలుగుడ్డను స్పిరిట్‌తో కొద్దిగా తడిపి పట్టాల పైభాగాన్ని తుడవాలి. ఆరిన తరువాతనే రైలును నడపాలి. స్పిరిట్ దగ్గర నిప్పు ఉండకూడదు. గరుకు కాగితంతో రుద్దితే పట్టాలు తళతళలాడవచ్చును. కాని దానివల్ల పడిన సన్నని గీతలలో మురికి మునుపటికన్న త్వరగా చేరుతుంది. పట్టాలు తుడిచి చక్రాలు తుడవకపోతే చేసిన పని వ్యర్థం. చక్రాలు తమ మురికిని మళ్లీ పట్టాలకు పూస్తాయి.

రైలు ఒకవైపు వేగంగా, ఎదుటివైపు నెమ్మదిగా నడిస్తే అతుకులను చూడాలి. రెండు పట్టాముక్కలు కలిసే చోట లోహపు అతుకుపట్టీ ఉంటుంది. అది వదులైతే విద్యుత్తు ప్రతి అతుకు దగ్గరా కొంత నష్టపోతుంది. తీగ కలిపిన చోటినుండి దూరం పోయినకొద్దీ రైలు బలం తగ్గుతుంది. దీనిని తెలుసుకోవడానికి 12 వోల్టుల చిన్న బల్బు ఒకటి చాలు. బల్బునుండి వచ్చే రెండు తీగలను రెండు పట్టాలకు ఆనించి, ఒక్కొక్క అతుకు దాటుతూ పోవాలి. ఏ అతుకు దాటగానే వెలుగు తగ్గిందో అక్కడే లోపం. అతుకుపట్టీని బిగించాలి, లేదా ఆ దూరపు పట్టాలకు వేరుగా మరొక జత తీగలు కలపాలి.

రెండు పట్టాలకు అడ్డంగా ఒక మేకో, గుండుసూదో పడితే విద్యుత్తు మోటారుదాకా పోకుండా అడ్డదారిన తిరిగిపోతుంది. దీనినే షార్ట్ సర్క్యూట్ అంటారు. పట్టాలు చుట్టు తిరిగి తమతో తామే కలిసే చోట కూడ ఇదే జరుగుతుంది; ఎందుకంటే అక్కడ కుడిపట్టా వచ్చి ఎడమపట్టాను తాకుతుంది. అటువంటి చోట విద్యుత్తు పారని ప్లాస్టిక్ అతుకులు వేయాలి.

పట్టాలు తప్పే రైలు

రైలుచక్రానికి లోపలివైపున గట్టువంటి అంచు ఉంటుంది. ఆ అంచే చక్రం ప్రక్కకు జారిపోకుండా కాపాడుతుంది. పట్టాల మధ్య దూరం ఎక్కువైతే చక్రం లోపలికి జారిపడుతుంది. తక్కువైతే అంచు పట్టాపైకి ఎక్కుతుంది. నమూనాలో ఒక మిల్లీమీటరు తేడా అసలు రైలుమార్గంలో 87 మిల్లీమీటర్ల తేడాకు, అంటే నాలుగు వ్రేళ్ల వెడల్పుకు మించిన తేడాకు సమానం. పట్టాల మధ్య సరిగా ఇమిడే అట్టముక్కను కత్తిరించి, దానిని పట్టాల వెంట జరుపుకుంటూ పోతే ఎక్కడ ఇరుకో ఎక్కడ వదులో తెలుస్తుంది.

పట్టాల మధ్య దూరానికి ఎంత విలువ ఉన్నదో మదురై, తేని ప్రాంతాలవారికి బాగా తెలుసు. మదురైనుండి బోడినాయకనూరుకు పోయే రైలుమార్గం మొదట ఒక మీటరు వెడల్పు కలది. దానిని 1676 మిల్లీమీటర్ల వెడల్పు మార్గంగా మార్చడానికి 2010 చివరలో రైళ్లను ఆపివేశారు. పెద్ద మార్గంపై రైలు తిరిగి తేనికి చేరినది 2022లో. బోడినాయకనూరుకు చేరినది 2023లో. పట్టాలను దూరం జరపడమంటే దిమ్మలు, వంతెనలు, మలుపులు అన్నీ మార్చడమే. పాత పెట్టె ఒక్కటి కూడ కొత్త మార్గంపై నడవదు.

రెండవది అతుకు. ఒక పట్టా చివర మరొకదానికన్న కొంచెం ఎత్తుగానో ప్రక్కగానో ఉంటే చక్రం దానికి తగిలి ఎగురుతుంది. వ్రేలికొనతో అతుకును నిమిరితే ఈ లోపం దొరుకుతుంది. కంటికి కనిపించనిది వ్రేలికి తెలుస్తుంది.

మూడవది మట్టం. నాలుగు కాళ్ల పీటను ఎగుడుదిగుడు నేలపై వేస్తే ఒక కాలు గాలిలో నిలుస్తుంది. నాలుగు చక్రాల పెట్టె కూడ అంతే. ఒక పట్టా ఒకచోట క్రుంగితే ఒక చక్రం పట్టాను వదలి పైకి లేస్తుంది. సరిగా అక్కడ వంపు కూడ ఉంటే పెట్టె పట్టాలు తప్పక మానదు. తాపీపనివారి రసమట్టాన్ని పట్టాలకు అడ్డంగా పెట్టి చూస్తే ఈ లోపం బయటపడుతుంది.

నాలుగవది దారి మార్చే చోటు. దీనిని పాయింటు అంటారు. అక్కడ కదిలే నాలుకవంటి పట్టా ప్రక్కపట్టాను గట్టిగా అంటుకొని ఉండాలి. మధ్యలో ఒక ఇసుకరేణువు చిక్కినా సందు ఏర్పడుతుంది. ముందు చక్రాలు ఒక దారిన, వెనుక చక్రాలు మరొక దారిన పోతాయి. అసలు రైలుమార్గంలో పాయింటు సరిగా పడి, బిగిసి ఉంటేనే సిగ్నలు దారి ఇచ్చే ఏర్పాటు ఉండడానికి కారణం ఇదే.

ఐదవది వంపు. ఒక వంపు ఎడమకు తిరిగి, వెంటనే మరొక వంపు కుడికి తిరిగితే పెట్టెలు ఒకదానినొకటి ప్రక్కకు లాగుతాయి. రెండు వంపుల మధ్య ఒక పెట్టె పొడవైనా తిన్నని పట్టా వేయడం మంచిది.

పట్టాల క్రింద

కొన్నిసార్లు పట్టాలను సరిచేసినా వారం తిరిగేసరికి లోపం మళ్లీ వస్తుంది. అప్పుడు ఇంకా క్రిందికి చూడాలి. బల్లచెక్క వానకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకాలంలో ముడుచుకుంటుంది. చెక్క కదిలితే దానిపై పట్టాలు కదలకుండా ఉండలేవు. చెక్కకు అన్నివైపులా రంగు పూయడం, క్రింద గట్టి చట్రం బిగించడం దీనికి మందు.

ఇదే సంగతి నేలకూ వర్తిస్తుంది. విజయనగర రాజుల, మదురై నాయకరాజుల కాలంలో తెలుగునాటినుండి వచ్చిన రైతుకుటుంబాలు అనేకం నల్లరేగడి నేలలలో స్థిరపడి ప్రత్తి, జొన్న పండించాయి. తమిళంలో కరిసల్ అనే ఈ నేల కోయంబత్తూరు ప్రాంతంలోను, తిరుమంగళం, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాలలోను ఉన్నది. తడిస్తే ఉబ్బడం, ఎండితే నెర్రెలు విచ్చడం దీని స్వభావం. మట్టిగోడ వేసే రైతుకు ఆ సంగతి తెలుసు. రైలుమార్గం వేసే ఇంజనీరుకూ అది తెలియాలి. మదురై నుండి తిరునెల్వేలికి పోయే మార్గం ఈ ఊళ్ల మీదుగానే పోతుంది. ఇటువంటి నేలపై కట్టపోసి నేరుగా కంకర వేస్తే వానకు ఒకవైపు ఉబ్బి, మరొకవైపు క్రుంగి పట్టాల మట్టం చెడుతుంది. కనుక ఇంజనీర్లు కట్టకూ కంకరకూ మధ్య నీరు నిలువని గరుకైన ఇసుక, గులకరాళ్ల పొరను మందంగా పరుస్తారు. నీరు పోవడానికి కాలువలు తీస్తారు. రైలు కుదుపుకు కారణం కొన్నిసార్లు మీటరు లోతున ఉంటుంది.

నేలవలెనే ఎండ కూడ పట్టాలను కదిలిస్తుంది. 13 మీటర్ల ఉక్కుపట్టా వేడి 40 డిగ్రీలు పెరిగితే సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే పాత మార్గాలలో పట్టాల మధ్య సందు వదిలేవారు. రైలు వెళ్తుంటే వినిపించే టకటక చప్పుడు ఆ సందులదే. నేటి మార్గాలలో పట్టాలను పొడవుగా అతికి, కదలకుండా దిమ్మలతోను కంకరతోను బిగించి పట్టుకుంటారు. నమూనా పట్టాలను కూడ ఒకదానికొకటి మరీ బిగదన్ని వేయకూడదు.

రైలులోని లోపాలు

పట్టాలు, బల్ల సరిగా ఉన్నాయని తేలిన తరువాత రైలును పరీక్షించాలి. ఇరుసుపై రెండు చక్రాలూ నిటారుగా, తగినంత దూరంలో ఉన్నాయా? ఇరుసుకు వెంట్రుకో దారమో చుట్టుకున్నదా? పెట్టెలను కలిపే కొక్కెం క్రిందికి వ్రేలాడి పాయింటుకు తగులుతున్నదా? ఇవి చూడవలసినవి.

పెట్టె బరువు కూడ ముఖ్యమే. మరీ తేలికైన పెట్టె ఇంజను వెనుకనే ఉండి, దాని వెనుక బరువైన పెట్టెలు చాలా ఉంటే వంపులో అది లోపలివైపుకు లాగబడి పడిపోతుంది. దానిని వెనుకకు మార్చాలి, లేదా దాని అడుగున ఇనుప వాషర్లు అంటించి బరువు పెంచాలి. పెట్టె స్థానం మార్చగానే లోపం తీరితే ఆ పెట్టె చెడ్డది కాదు. దానిని తగని చోట ఉంచారని అర్థం.

ఎక్కలేని ఎత్తు

కొన్నిసార్లు రైలు బాగుంటుంది, పట్టాలు బాగుంటాయి; అయినా ఎత్తు ఎక్కేటప్పుడు చక్రాలు ఉన్నచోటనే తిరుగుతాయి. నున్నని పట్టాపై నున్నని చక్రానికి పట్టు తక్కువ. నమూనా మార్గంలో మీటరు దూరానికి 3 సెంటీమీటర్లకు మించి ఎత్తు పెంచకుండా ఉండడం మంచిది.

నీలగిరి కొండరైలు కట్టినవారికి ఎదురైన చిక్కు కూడ ఇదే. మేట్టుపాళయం ఎత్తు 326 మీటర్లు. అక్కడినుండి 46 కిలోమీటర్ల ప్రయాణంలో రైలు 2203 మీటర్ల ఎత్తుకు చేరాలి. కల్లారు దాటిన తరువాత కొన్నిచోట్ల 12 మీటర్ల దూరానికి సుమారు ఒక మీటరు ఎత్తు ఎక్కాలి. మామూలు చక్రాలకు అది సాధ్యం కాదు. అందుచేత కల్లారు, కూనూరుల మధ్య రెండు పట్టాల నడుమ పళ్లున్న ఉక్కు కడ్డీలను జంటగా బిగించారు. ఇంజను అడుగున ఉన్న పళ్లచక్రాలు ఆ కడ్డీల పళ్లను పట్టుకొని మెట్టు మెట్టుగా ఎక్కుతాయి. ఒక కడ్డీ పళ్లు రెండవదాని సందులకు ఎదురుగా ఉంటాయి కనుక పట్టు ఎప్పుడూ తప్పదు. ఇంజను ముందుండి లాగదు. పల్లం వైపున ఉండి పెట్టెలను పైకి నెట్టుతుంది. కొక్కెం తెగినా పెట్టెలు జారిపోకుండా ఇంజనే అడ్డు నిలుస్తుంది. ఈ రైలు 1899లో కూనూరుకు, 1908లో ఉదకమండలానికి చేరింది. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

పెద్ద రైలుమార్గం

బల్లపై రైలు పడితే నష్టం లేదు. ఎత్తి మళ్లీ పెట్టవచ్చును. అసలు రైలు విషయంలో అట్లు కాదు. 1956 సెప్టెంబరులో తెలుగునాట మహబూబ్‌నగర్ సమీపంలో వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా మరణించారు. అదే సంవత్సరం నవంబరు 23న మద్రాసు నుండి తూత్తుక్కుడికి పోతున్న ఎక్స్‌ప్రెస్ అరియలూరు సమీపంలో మరుదయారు వంతెన వద్ద ప్రమాదానికి గురి అయినది. అక్కడ కూడ వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా వరదనీరు వంతెనను దెబ్బతీసింది. రైలులో లోపం లేదు. లోపం పట్టాల క్రింద ఉన్నది. అప్పటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి నైతిక బాధ్యత వహించి పదవికి రాజీనామా చేశారు.

ఇటువంటి ఆపదలు రాకుండా కాపాడేవారిలో ముఖ్యుడు పట్టాల వెంట నడిచే కీమన్. చేతిలో సుత్తి, స్పానరు పట్టుకొని ఆయన తన వంతు మార్గాన్ని నడిచి చూస్తాడు. వదులైన బిగింపులను బిగిస్తాడు; పగిలిన పట్టా కనిపిస్తే ఎర్రజెండా చూపి రైలును ఆపుతాడు. రైలులో కూర్చున్నవారికి ఆయన పేరు తెలియదు. వారు క్షేమంగా ఇల్లు చేరడం ఆయన చూపుపై ఆధారపడి ఉన్నది.

విప్పి చూచే బుద్ధి

కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో 1893లో ఒక తెలుగు కుటుంబంలో జన్మించిన జి.డి.నాయుడు గారికి చిన్ననాడే యంత్రాలపై ఆసక్తి కలిగింది. ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలును చూచి, అది ఎట్లు నడుస్తున్నదో తెలుసుకోవాలనుకున్నారు. హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి ఆ బండిని కొన్నారు. దానిని విప్పారు, తిరిగి కూర్చారు. 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య ఒక్క బస్సుతో ప్రారంభించిన ఆయన వ్యాపారం తరువాత పెద్ద రవాణా సంస్థగా ఎదిగింది.

విప్పడం ఎవరైనా చేయగలరు. ఏ భాగం ఎక్కడిదో గుర్తుంచుకొని తిరిగి కూర్చడమే నేర్పు. లోపం వెదకడంలోను ఇదే నియమం. ఒకసారికి ఒక్కదానినే మార్చాలి. పట్టాలు తుడిచి, తీగ మార్చి, వేగం తగ్గించి, పెట్టె తీసివేస్తే రైలు నడవవచ్చును. కాని ఏది చేసినందువలన నడిచినదో ఎవరికీ తెలియదు. ఆ లోపం మళ్లీ వస్తే మళ్లీ చీకటిలో వెదకవలసిందే. ఒకటి మార్చి, నడిపి చూచి, ఫలితం వ్రాసి, తరువాతనే రెండవదాని దగ్గరకు పోవాలి.

ప్రదర్శనలో పడిపోయిన ఆ పెట్టె సంగతి ఇప్పుడు సులభంగా తేలుతుంది. నోటుపుస్తకంలో మూడవ పెట్టె, ఐదవ పెట్టె, ఏడవ పెట్టె మూడూ ఒకే అంకె దగ్గర పడినట్లు వ్రాసి ఉంటే ఇంజనును విప్పనక్కరలేదు. ఆ అంకె దగ్గర వంగి, వ్రేలితో అతుకును నిమిరి చూస్తే చాలును.